సిరా కలము: కడుగుట, దాచుట, కాపాడుట

(పాఠశాల తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ప్రధానోపాధ్యాయుడు వేదిక యెక్కినచో హాజరును గూర్చియో, మార్కులను గూర్చియో, గత సంవత్సరపు బాకీలను గూర్చియో మాటలాడునని మీరందరు ఎరుగుదురు. నేడు ఆ మూడింటి జోలికిని పోను. నా చేతిలోనున్న ఈ బిస్కత్తు డబ్బాను గూర్చి మాటలాడెదను. దీనిలో బిస్కత్తులు లేవు. మీ పిల్లలు పాడైపోయినవని పారవేసిన ఫౌంటెన్ పెన్నులున్నవి. తరగతి గదుల మూలలనుండి, బల్లల సొరుగులనుండి, ఒకటి రెండు మామిడిచెట్టు క్రిందనుండి నేనే ఏరి తెచ్చితిని.

విషయమేమనగా, జూన్ మాసమున పాఠశాల తెరచినపుడు ఆరు, ఏడు, ఎనిమిది తరగతులవారు తెలుగు చూచివ్రాత సిరా కలముతోనే వ్రాయవలెనని మేము నిర్ణయించితిమి. మీరును కాదనక కొని యిచ్చితిరి. అర్ధసంవత్సర పరీక్షలు వచ్చుసరికి తరగతికి నలుగురైదుగురు తప్ప తక్కినవారందరు బాల్ పెన్నులకు మరలిరి. ఒకనాడు ఒక తల్లి నా గదికి వచ్చి, "మాస్టారూ, జూన్ నుంచి ఇది మూడో పెన్ను. రెండు చొక్కాలు పాడైపోయాయి. బాల్ పెన్నయితే పది రూపాయలు, అయిపోతే పారేస్తాం. మాకెందుకండీ ఈ బాధ?" అని అడిగినది. ఆమె అడిగినది న్యాయమే. నేను అప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోయితిని. "చూతమమ్మా" అని పంపివేసితిని. ఆ సాయంకాలమే ఈ డబ్బాను చేతబట్టితిని.

ఇంటికి పోయి ఒక్కొక్క పెన్నును విప్పి నీళ్లలో వేసితిని. రెండు దినములు అట్లే యుంచితిని. మీరు నమ్ముదురో లేదో, పాళీ విరిగినవి, మూత పగిలినవి కొన్ని మాత్రమే. తక్కినవన్నియు మరల వ్రాసినవి. అనగా ఆ పెన్నులు పాడుకాలేదు, వానిలో సిరా ఎండిపోయినది. పిల్లలకు పెన్నులు కొని యిచ్చితిమి గాని వానిని కడుగుట నేర్పలేదు. తప్పు పిల్లలది కాదు, పెన్నుదియు కాదు. మొదటి తప్పు నాది. అందుచేతనే నేడు ఈ ప్రసంగము.

అసలు సిరా కలము ఏల యని అడుగువారికి ఒక్క మాట. మన తెలుగు అక్షరములు గుండ్రనివి. తాటియాకుమీద ఘంటముతో వ్రాయునపుడు నిలువు గీతలు, అడ్డగీతలు ఆకును చీల్చును గనుక లిపి గుండ్రముగా తిరిగినదని పెద్దలు చెప్పుదురు. బాల్ పెన్నులో చిన్న గోళము కాగితముపై దొర్లినగాని సిరా దిగదు. దొర్లుటకు చేయి కొంత నొక్కవలెను. సిరా కలమునకు నొక్కుడు అక్కరలేదు, కాగితమును తాకిన చాలును. మన పిల్లలు ఒక్క దినముననే తెలుగు, తమిళము, ఇంగ్లీషు మూడు లిపులు వ్రాయుచున్నారు. సాయంకాలమునకు వారి వ్రేళ్లు నొప్పులు పెట్టుచున్నవని మీకును తెలియును. నొక్కక వ్రాయుట అలవాటైన చేతికి ఆ నొప్పి తగ్గును. ఇంతకుమించి నేను గొప్పలు చెప్పను. హాజరుపట్టీలో నేనును బాల్ పెన్నుతోనే సంతకము చేయుదును.

ఇక పెన్ను పని యెట్లు జరుగునో తెలిసికొందము. అది తెలిసినచో కడుగుట ఎందులకో వేరుగ చెప్పనక్కరలేదు.

పాళీని తిప్పి చూడుడు. దాని క్రింద నల్లని పుల్లవంటి భాగ మొకటి యున్నది. దానిని నాలుక యందురు. దానిమీద వెంట్రుకవలె సన్నని గాడి యొకటి పాళీ మొదలువరకు పోవును. గొట్టములోని సిరా ఆ గాడివెంబడి దానంతట అదియే ప్రాకును. దీపములో వత్తివెంబడి నూనె ప్రాకుట మీరు చూచియున్నారు గదా, ఇదియు అట్టిదే. సన్నని సందులలో ద్రవము తనంతట పైకి ప్రాకు ఈ గుణమును కేశనాళికా చర్య యని మీ పిల్లలు భౌతికశాస్త్రములో చదువుదురు. ఐతే సిరా దిగినకొలది గొట్టములో దాని స్థానమునకు గాలి చేరవలెను. లేనిచో సిరా దిగదు. డబ్బాకు ఒక్క రంధ్రము మాత్రమే పొడిచి నూనె పోయబోయినవారికి ఈ సంగతి చక్కగ తెలియును. కావున ఆ సన్నని త్రోవలోనే సిరా వెలికి, గాలి లోనికి ఒకేసారి నడువవలెను. అమెరికాలో న్యూయార్కు నగరమున లూయిస్ వాటర్మన్ అనునతడు 1884లో పేటెంటు పొందినది ఈ త్రోవనుగూర్చియే. అంతకుముందును సిరా నిలువయుండు కలములు ఉండెడివి గాని, వ్రాయుచుండగా ఆగుటయో లేక ఒక్కసారిగా ముద్దగా పడుటయో జరుగుచుండెడిది.

వెంట్రుకంత త్రోవ యిది. మూత పెట్టక ఒక పూట వదలినచో పాళీ కొనయందలి సిరాలోని నీరు ఆవిరియై, రంగుపొడి మిగులును. సిరా నింపిన పెన్నును నెల దినములు ముట్టకున్నచో త్రోవ అంతయు మూసికొనును. పెన్ను చచ్చిపోయినదని పిల్లవాడు విదిలించును. విదిలించగా గోడమీద చుక్కలు, పాళీకి వంకర. తరువాత బ్లేడుతో పాళీ చీలికను గోకును. అంతటితో నిజముగనే చచ్చును.

ఈ సందర్భమున నా సొంత కథ యొకటి చెప్పవలసియున్నది.

మా తండ్రిగారు గోడౌన్ వీధిలో ఒక జవుళి దుకాణమున గుమాస్తాగా నుండిరి. చిట్టా, ఆవర్జా రెండును ఆయనయే వ్రాయుచుండిరి. ఆయనవద్ద నల్లని ఎబొనైటు పెన్ను ఒకటి యుండెడిది. రాజమండ్రి రత్నం పెన్ను. మా మేనమామగారు గోదావరి పుష్కరములకు పోయి వచ్చునపుడు తెచ్చి యిచ్చినది. రత్నం పెన్నును గూర్చి పిల్లలకు మీరు తప్పక చెప్పవలెను. స్వదేశీ ఉద్యమ కాలమున, విదేశీ కలములు బజారులను నింపియున్న దినములలో, రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు మహాత్ముని మాటలచే ప్రేరితులై ఇక్కడనే ఫౌంటెన్ పెన్నును చేయ పూనుకొనిరి. తాము చేసిన పెన్నును కుమారప్ప గారి ద్వారా గాంధీజీకి పంపిరి. గాంధీజీ దానితో వ్రాసి చూచి, బాగున్నదని 1935 జూలై 16వ తేదీన రత్నం గారికి ఉత్తరము వ్రాసిరి. ఒక తెలుగు పనివాని లేతుపై తయారైన కలము అంతటివాని చేతికి పోయినది. మన చుట్టుపట్లను ఈ విద్య లేకపోలేదు. పారిస్ కార్నరు ప్రాంతమున జెమ్ అండ్ కంపెనీవారు గామా పేరుతో ఎబొనైటు పెన్నులు అమ్మిరి. తిరువళ్లూరున రంగా పేరుతో చేతిలేతుపై పెన్నులు త్రిప్పినవారు కలరు.

మా తండ్రిగారి విషయమునకు వత్తును. ప్రతి ఆదివారము తలంటు పోసికొన్న తరువాత ఆయన పెరటి అరుగుమీద కూర్చుండి, ఇత్తడి గిన్నెలో నీళ్లు పెట్టుకొని పెన్ను కడిగెడివారు. నీళ్లలో నీలి తీగలు సాగుట చూచుటకు నేను ప్రక్కన చేరెడివాడను. ఒక్కనాడును ఆయన నాకు దానిని నేర్పలేదు, నేనును అడుగలేదు. గుమాస్తా యింట ఇది యొక వేడుక యనుకొంటిని. ఆయన పోయిన పిమ్మట ఆ పెన్నును భద్రముగ బీరువాలో పెట్టితిని. భద్రముగ ననగా, ఆయన చివరిసారి నింపిన సిరాతో సహా.

పదునొకండు సంవత్సరములు అది అట్లే యున్నది. ఆయన సంవత్సరీకమునాడు జ్ఞప్తికి వచ్చి తీసి చూచితిని. మర తిరుగలేదు. బలము చేసితిని, తిరుగలేదు. అప్పటికి నేను పది సంవత్సరముల అనుభవముగల ఉపాధ్యాయుడను, అన్నియు తెలిసినవాడ ననుకొను వయస్సు. పొయ్యిమీద నీళ్లు కాచి, ఆ మరుగు నీటిలో పెన్నును ముంచితిని. గంధకపు వాసన గుప్పుమన్నది. బయటికి తీసితిని గదా, నిగనిగలాడు నల్లని పెన్ను బురదవలె గోధుమవన్నెకు తిరిగినది.

ఎబొనైటనగా గంధకముతో కలిపి ఉడికించి గట్టిపరచిన రబ్బరు. వెలుగు తగిలి పాతబడిన ఎబొనైటునకు వేడినీరు శత్రువు. ఇది తరువాత తెలిసికొన్న సంగతి. ఆ పెన్నును తీసికొని, ఒక మేడమెట్ల క్రింద కూర్చుండి గడియారములు, పెన్నులు బాగుచేయు ఒక ముసలి పనివానివద్దకు పోయితిని. ఆయన పెన్నును ముక్కువద్ద పెట్టుకొని వాసన చూచి, "వేడినీళ్లు కాఫీకి పోయండి సారూ, పెన్నుకు చన్నీళ్లే" అన్నాడు. ఇంకొక మాట అనలేదు. మూడు దినములు చల్లని నీటిలో పాళీభాగమును మాత్రము నానవేసి, నాలుగవనాడు రబ్బరు ముక్కతో పట్టుకొని మెల్లగ త్రిప్పినాడు. మర వదలినది. పెన్ను మరల వ్రాసినది, నేటికిని వ్రాయుచున్నది. ఇదిగో, నా జేబులో నున్నది ఇదియే. రంగు మాత్రము మరల రాలేదు.

కావున మొదటి నియమము, చల్లని నీరు. స్పిరిటు వద్దు, నెయిల్ పాలిష్ తుడుచు ద్రవము వద్దు. కొన్ని ప్లాస్టిక్కులను అవి కరిగించును, మరలను అతికించిన లక్కను వదలించును. మన సౌకార్‌పేటలో బోరు నీటి సంగతి మీకు నేను చెప్పనేల? బిందె అడుగున తెల్లగా పేరుకొను ఆ ఉప్పే పెన్ను త్రోవలోను పేరుకొనును. మొదట ఏ నీటితో కడిగినను సరే, చివరి రెండుమార్లు మాత్రము త్రాగుటకు తెచ్చుకొను క్యాను నీటితో కడుగుడు. ఒక టీ గ్లాసు నీరు చాలును.

కడుగు విధము. ఫిల్లరుతో సిరా పోయు పెన్నైనచో పాళీభాగమును విప్పి, గొట్టములో మిగిలిన సిరాను పారబోయవలెను. దానిని బుడ్డిలో మరల పోయకూడదు. గొట్టమును నీటితో రెండు మూడుమార్లు తొలపవలెను. పాళీభాగమును గ్లాసులో పాళీ క్రిందికి ఉండునట్లు రాత్రి యుంచవలెను. ఉదయమున నీరు మార్చవలెను. నీటికి రంగు దిగుట మానువరకు ఇట్లు చేయవలెను. నీలిసిరా త్వరగా వదలును. ఎరుపు, ఊదా రంగులు మొండివి. నీటితో వదలనిచో గ్లాసు నీటిలో గిన్నెలు తోము ద్రవము ఒక్క బొట్టు కలుపుడు. ఒక్క బొట్టే. తరువాత సబ్బు పూర్తిగ పోవువరకు కడుగవలెను, సబ్బు మిగిలినచో సిరా కాగితముపై పారును. త్రిప్పి పీల్చు గొట్టముగల పెన్నైనచో ఇంకను సులభము. సిరాను పీల్చినట్లే నీటిని పీల్చుచు, వదలుచు నుండిన చాలును.

మూతను నీటిలో నానవేయకుడు. మూతలోపలి ఇనుపముక్క త్రుప్పు పట్టును. తడిగుడ్డతో తుడిచిన సరిపోవును.

ఆరబెట్టుట కడుగుటవంటిదే. పాత పంచెగుడ్డ ముక్కయో, అద్దుడు కాగితమో ఒక చిన్న గ్లాసు అడుగున వేసి, పాళీ దానికి తగులునట్లు నిలిపి రాత్రియంతయు ఉంచుడు. గాడిలోని నీటిని గుడ్డయే లాగికొనును. ఎండలో పెట్టకుడు. మిద్దెమీద వడియములప్రక్కన పెన్ను ఆరబెట్టిన తల్లి యొకతె కలదు. మంచి ఉద్దేశముతోనే చేసినది.

నెలకొకమారు ఇట్లు కడిగిన చాలును. రంగు మార్చినపుడెల్ల కడుగవలెను. ప్రతి నెలయు పాళీని, నాలుకను లాగి బయటికి తీయనక్కరలేదు. పిల్లలకు విప్పుట యందు మక్కువ. విప్పినకొలది పట్టు వదులగును.

ఇక చొక్కాలమీది మరకలు. ఈ విషయమున పెద్దలు చెప్పు మాటయే తప్పు. "నిండా పోయకు, కారుతుంది" అని మనమందరము పిల్లలకు చెప్పుదుము. ఫిల్లరుతో పోయు పెన్నునకు దీనికి సరిగ విరుద్ధముగా చెప్పవలెను. గొట్టములో సిరా తక్కువైనకొలది గాలి యెక్కువగును. చేతివేడికి, జేబులో ఒంటివేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను పాళీవద్దకు నెట్టును. అప్పుడు పాళీనుండి ముద్దగా సిరా జారిపడును. నిండుగా నున్న పెన్నులో గాలి తక్కువ, కావున నెట్టుటకు బలమును తక్కువ. మూడవవంతు మిగులగానే మరల నింపుమని చెప్పుడు. సంచి భుజమున వ్రేలాడునపుడును, జేబులోను పాళీ పైకి ఉండవలెను. చొక్కాలను కాపాడునది ఈ రెండు మాటలే. మరవద్ద సిరా ఊరుచున్నచో సిలికాన్ గ్రీజు గోటిమొనయంత రాయుడు. వాసెలిన్ రాయకుడు. రబ్బరు సంచియు రబ్బరు వలయమును గల పెన్నులకు అది హాని చేయును.

సిరాను గూర్చి. మన దేశమున సిరా కూడ స్వదేశీ ఉద్యమపు బిడ్డయే. బొంబాయిలో దండేకర్ సోదరులు 1931లో సిరా పొడితో ఆరంభించినదే నేటి క్యామ్లిన్, బెంగాలున మైత్రా సోదరులు 1934లో స్థాపించినది సులేఖ. ఏ సిరాయైనను ఫౌంటెన్ పెన్నునకని సీసామీద వ్రాసియున్నదే కొనుడు. డ్రాయింగునకు వాడు ఇండియన్ ఇంకులో లక్క యుండును. ఒక్కమారు పోసితిరా, ఆ పెన్నును మరచిపోవచ్చును. రబ్బరు స్టాంపు సిరాయు అట్టిదే. రెండు కంపెనీల సిరాలను కలుపకుడు. ఒకదానితో నొకటి కూడి విరిగిన పాలవలె ముద్దలు కట్టవచ్చును. మా తరగతి యొకదానిలో నీలమును ఎరుపును కలిపి ఊదారంగు చేయు పరిశోధన జరిగినది. ఆ పరిశోధకుల పెన్నులు నాలుగు ఈ డబ్బాలో నున్నవి. పరీక్షలలో నీలమో నలుపో తప్ప వేరు రంగు పనికిరాదు గనుక, ఇంట ఒక్క నీలి సీసా యున్న చాలును. సీసాను వెలుతురు తగులని చోట, మూత బిగించి ఉంచుడు. వెలుతురునకు రంగు వెలయును. సిరాలో తెట్టె గట్టినను, చెడు వాసన వచ్చినను బూజు పట్టినదని యెరిగి పారబోయుడు. ఆ సిరాతో నిండిన పెన్నును వెంటనే కడుగుడు.

పాళీని గూర్చి ఎక్కువ చెప్పను. దాని కొనయందు గట్టి లోహపు గుండు మెరుగుపెట్టి అతికించియుండును. మంచి పాళీకొన అరుగుటకు ఏండ్లు పట్టును, క్రింద పడి వంగుటకు ఒక్క క్షణము. మూత తీసిన పెన్నును బల్లమీద దొర్లనీయకూడదు. పాళీని నాలుకతో తడుపు అలవాటు కొందరు పిల్లలకు కలదు. వారి పండ్లే సాక్ష్యము చెప్పును.

దాచుట అన్నింటికంటె ముఖ్యము. మన పెన్నులు వ్రాసి చెడుట లేదు, వ్రాయక చెడుచున్నవి. ఈ డబ్బాలోని పెన్నులలో పెక్కు క్వార్టర్లీ పరీక్షల తరువాతి సెలవులలోనే మూసికొనిపోయినవని పిల్లల మాటలనుబట్టి తెలిసికొంటిని. ఇక వేసవి సెలవుల మాట చెప్పనేల? ఏప్రిల్‌లో చివరి పరీక్ష వ్రాసి, పెన్నును సంచిలో పడవేసి, అమ్మమ్మగారి ఊరు పోదురు. చెన్నపట్టణమున కత్తెర ఎండలు కాయుచుండగా నిండు పెన్ను ఆ సంచిలో నెలకుపైగ ఉడుకును. జూన్‌లో తీయగానే వ్రాయదు. కావున చివరి పరీక్షనాటి రాత్రి పెన్నును కడిగి, ఆరబెట్టి, ఖాళీగా, పాళీ పైకి ఉండునట్లు ఒక గ్లాసులోనో, పాత కళ్లజోడు పెట్టెలోనో దాచుడు. తడి యుండగా మూత బిగింపకుడు. పది దినములకు మించి వ్రాయబోమని తెలిసిన ప్రతిసారియు ఇట్లు చేయవలెను.

మనకు దీనికి మంచి ఆనవాయితీ యొకటి ఉండనే యున్నది. మహానవమినాడు పుస్తకములను, కలములను దేవుని ముందు పెట్టి, ఆ దినమున వ్రాయము. పూజకు పెట్టు ముందు రాత్రి గిన్నెలు, దీపపుకుందులు తోముదుము గదా. పెన్నును ఆ వరుసలోనే చేర్చుడు. విజయదశమినాడు క్రొత్త సిరాతో మొదటి అక్షరము వ్రాయించుడు. వేసవికి ముందు ఒకటి, దసరాకు ఒకటి, ఈ రెండు తేదీలు తప్పకుండ పాటించినచో నడిమధ్య నెలలలో ఒకటి రెండు తప్పినను పెన్ను బ్రతికియుండును.

చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారములో మన తెలుగు తాటియాకు గ్రంథములు పెక్కు కలవు. తాటియాకును ఊరక మూట గట్టియుంచినచో అది పొడియగును. అప్పుడప్పుడు తీసి నిమ్మగడ్డి నూనె రాయవలెను. ఘంటములు పట్టినవారు పోయిరి గాని నూనె రాయు చేతులు ఉండుటచేత వ్రాత మిగిలినది. ఒకనాడు పిల్లలను తీసికొని పోయి చూపవలెనని నా కోరిక.

మొదట చెప్పిన ఆ తల్లికి నేడు సమాధానము చెప్పగలను. అమ్మా, మీ అబ్బాయి మూడు పెన్నులలో రెండు ఈ డబ్బాలోనే దొరికినవి, రెండును వ్రాయుచున్నవి. సభ ముగియగానే వచ్చి తీసికొనుడు. మూడవదాని పాళీ విరిగినది, అది నావల్ల కాలేదు. చొక్కాల మరకలకు నేను పూచీ పడను.

తక్కినవారికి ఒక విన్నపము. వచ్చు నెలనుండి ప్రతి నెల చివరి శుక్రవారము కడపటి పీరియడున వరండాలో గిన్నెలు, క్యాను నీరు, పాత గుడ్డలు సిద్ధముగ ఉండును. ఆరవ తరగతి పిల్లలకు ఎనిమిదవ తరగతివారు కడుగుట చూపుదురు. మేము ప్రక్కన నుందుము. ఆ దినమున పిల్లలను ఒక పాత చొక్కా సంచిలో పెట్టి పంపుడు. ఇంటిలో తాతగారిదో, నాన్నగారిదో పాత పెన్ను బీరువాలో ఉన్నచో దానిని కూడ పంపుడు. మర బిగిసియున్నను బలము చేయకుడు, వేడినీళ్లు పోయకుడు. ఉన్నది ఉన్నట్లు కాగితములో చుట్టి, పేరు వ్రాసి పంపుడు. మూడు దినములు చన్నీళ్లలో పెట్టి చూతము.